కుప్పంలో ఇంకా పుట్టని ముసలమ్మ

రెండువేల ఐదో సంవత్సరం వేసవిలో, కుప్పం చుట్టుపక్కల అరవై దాటినవారెవరూ ఇంకా పుట్టలేదని కంప్యూటరు ద్వారా అధికారికంగా తేలింది. దీని గురించి ప్రజలు ఆందోళన చెందనవసరం లేదనీ, పుట్టిన వెంటనే సంబంధిత వృద్ధులకు తెలియజేస్తామనీ నిర్వాహకులు ఆ రోజే ప్రకటించారు. ప్రజలు కూడా ఆందోళన చెందలేదు. అంతకుముందు రేషను కార్డుల్లో చనిపోయి బతుకుతున్నవాళ్ళు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు కనుక, పుట్టకుండా బతకడం వాళ్ళకు పెద్ద వింతగా తోచలేదు.

సంగతి మొదటినుంచీ మనవి చేస్తాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పెద్దమనుషులు కలిసి చూపుదాతల సంఘం అని ఒకటి స్థాపించారు. బీద ముసలివాళ్ళ కళ్ళలో శుక్లాలు తీయించడం దాని ఆశయం. అధ్యక్షుడు మదనపల్లె టమోటా మండీ యజమాని లక్ష్మీపతి. ఉపాధ్యక్షుడు కుప్పం గ్రానైట్ వ్యాపారి దేవరాజులు. పుంగనూరు తరఫున కృష్ణప్ప అనే పెద్దాయన సభ్యుడు. ఈయన ఏ తీర్మానం కిందనైనా "పైవారి మాటే నా మాట" అని రాసి సంతకం చేసే నిగర్వి. ఒకసారి పైన ఎవరూ సంతకం చేయని కాగితం మీద కూడా అలాగే రాశాడు.

బెంగళూరు నుంచి ఒక కంటి డాక్టరమ్మ రెండు రోజులు మదనపల్లె వచ్చి, నూరు మందికి ఉచితంగా ఆపరేషన్ చేయడానికి ఒప్పుకుంది. పాతకాలమైతే ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పి, వచ్చినవాళ్ళను వరండాలో కూర్చోబెట్టేవారు. అలా చేస్తే పని సులభంగా అయిపోతుందే గాని, సంఘానికి పేరు రాదు. కాలం కంప్యూటర్లది. అందుచేత కళ్ళు కనబడని ముసలివాళ్ళు ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవాలని సంఘం తీర్మానించింది.

మదనపల్లెలో కంప్యూటరు శిక్షణ కేంద్రం నడిపే హరీష్ వెబ్‌సైటు తయారుచేశాడు. పేరు, పుట్టిన తేదీ కొడితే అదే వయసు లెక్కకట్టి, అరవై నిండి ఉంటే శిబిరానికి చీటీ ఇస్తుంది. ప్రారంభోత్సవం నాడు కంప్యూటరుకు కట్టిన రిబ్బను లక్ష్మీపతి కత్తిరించాడు. రిబ్బనుతో పాటు మౌసు తీగ కూడా తెగింది. చప్పట్లు మాత్రం ఆగలేదు.

ఇక్కడ పాఠకులకు కొంచెం సాంకేతిక విజ్ఞానం అందించక తప్పదు. వయసు లెక్కకట్టే ఆ నాలుగు వాక్యాలు జావాస్క్రిప్ట్ అనే భాషలో ఉంటాయి. అవి హరీష్ కంప్యూటరులో కాక, ఎవరు చూస్తుంటే వాళ్ళ కంప్యూటరులో ఉన్న బ్రౌజరులో పనిచేస్తాయి. బ్రౌజరంటే ఇంటర్నెట్ చూసే కిటికీ. ఆ రోజుల్లో మూడు ఊళ్ళలోనూ రెండు కిటికీలు వాడుకలో ఉండేవి. ఒకదాని గుర్తు నీలిరంగు ఇంగ్లీషు 'ఈ'. జనం దాన్ని ఈగ అన్నారు. రెండోదాని గుర్తు భూగోళాన్ని తోకతో చుట్టుకుని పడుకున్న నక్క. దాన్ని నక్క అన్నారు. మదనపల్లె అంతా ఈగ. కుప్పంలో దేవరాజులు ఆఫీసులో నక్క. దాన్ని ఆయన మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు వేసి వెళ్ళాడు. పుంగనూరులో లాల్ అహ్మద్ నెట్ సెంటరులో ఈగా ఉంది, నక్కా ఉంది. పుంగనూరువాళ్ళు ఎవరితోనూ సంబంధాలు చెడగొట్టుకోరు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. "ఇది ఏ సంవత్సరం?" అని హరీష్ రాసిన వాక్యం అడిగితే, ఈగ బుద్ధిగా "రెండువేల ఐదు" అనేది. నక్కకు మాత్రం పంతొమ్మిది వందల నుంచి లెక్కపెట్టే అలవాటు. "నూట ఐదు" అనేది. నూట ఐదులోంచి పుట్టిన సంవత్సరాన్ని తీసేస్తే వచ్చేది వయసు కాదు, పుట్టడానికి ఇంకా మిగిలిన కాలం. అలా మదనపల్లె ముసలివాళ్ళు ముసలివాళ్ళుగానే ఉండగా, కుప్పం ముసలివాళ్ళు సామూహికంగా పుట్టకుండా పోయారు.

ఈ విశేషం మొట్టమొదట అనుభవంలోకి వచ్చింది మునిరత్నమ్మకు. గుడుపల్లె దగ్గర ఒక పల్లెనుంచి బస్సెక్కి, కండక్టరు చెయ్యి పట్టుకుని దించితే దిగి, దేవరాజులు ఆఫీసుకు వచ్చింది. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే రూప వివరాలన్నీ కొట్టింది. తెర మీద మైనస్ గుర్తుతో పెద్ద అంకె ఒకటి వచ్చింది.

"అవ్వా, నువ్వు ఇంకా పుట్టలేదని సూపిస్తాండాది" అంది రూప.

"పుట్టలేదా? పుట్టకుండానే నలుగురు బిడ్డల్ని కన్న్యానా?" అంది మునిరత్నమ్మ. తరువాత, "సరే, ఎప్పుడు పుడతానో అదన్నా సూడు తల్లీ" అంది.

రూప తెరకేసి చూసింది. "ఇంకా పద్దెనిమిది నూర్ల ముప్పై ఐదేళ్ళు పడతాదంట."

"అంతదాంకా ఈ కండ్లతో యాడ ఆగేది?"

చూపు అంత అవసరంగా ఎందుకు కావలసి వచ్చిందని రూప అడిగింది. మునిరత్నమ్మ దాచుకోలేదు.

"మా పక్కింటి రెడ్డెమ్మకీ నాకూ ముప్పై ఏండ్లుగా మాటల్లేవు. తిట్లే. మొన్న కొళాయి కాడ రెడ్డెమ్మ అనుకోని ఎవురో ఆయమ్మను పట్టుకోని తిట్టేసినా. పాపం, పెండ్లికి పిల్సను వచ్చిన మనిసంట. తాంబూలం ఆడే పడేసి పారిపోయింది. ఎవుర్తో కొట్లాడతాండామో మనకే కనపడకపోతే ఇంగ కొట్లాటకు మర్యాద యాడుంటాది సెప్పు?"

రూప వెంటనే మదనపల్లెకు ఫోను చేసింది. మదనపల్లె నుంచి హరీష్, "మా దాంట్లో బాగుండాదే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ళ దాంట్లో నిజంగానే బాగుంది. మరి అవ్వను మదనపల్లెలోనో పుంగనూరులోనో నమోదు చేస్తే సరిపోతుంది కదా అని పాఠకులు అనుకోవచ్చు. సంఘం కూడా అనుకుంది, అనుకునే అలా జరగకుండా ముందే కట్టుదిట్టం చేసింది. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరి చీటీలు కాజేయకుండా, ఎవరు ఏ ఊరి పరిధిలో ఉంటే ఆ ఊరిలోనే పుట్టాలని నిబంధన ఉంది.

విషయం తెలిసి దేవరాజులు మండిపడ్డాడు. "కుప్పమోళ్ళు పుట్టేదాకా ఇంగెవురికీ చీటీ ఇచ్చేదానికి లేదు" అని పట్టుబట్టి, మూడు ఊళ్ళలోనూ చీటీలు ఆపించాడు. న్యాయమంటే అందరికీ సమానంగా పని ఆగిపోవడమేనని ఒప్పుకోని సంఘం మన దేశంలో ఉండదు. కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఈ సంఘానికి ఒక సమీక్షకురాలు కూడా ఉంది. పేరు షబ్నం. పుంగనూరు నెట్ సెంటరు లాల్ అహ్మద్ కూతురు. ఎం.సి.ఏ. చదివి, బెంగళూరులో ఒక కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాములు చూసి తప్పులు పట్టే ఉద్యోగం చేసి, ఇంటి మీద బెంగతో తిరిగి వచ్చింది. పెద్ద పెద్ద వెబ్‌సైట్లకు సమీక్షకులు ఉంటారని ఎక్కడో విన్న లక్ష్మీపతి, "మనకూ ఒగరుండనీ" అని ఆమెను నియమించాడు. ఆమె చూసి ఒప్పుకోనిదే వెబ్‌సైటులో అక్షరం మార్చకూడదని నియమావళిలో రాయించాడు కూడా. ఆమె నిజంగానే చూస్తుందని ఆయన ఊహించలేదు.

షబ్నంకు ఈ విద్య ఒంటబట్టిపోయింది. తల్లి సుగ్రా బిర్యానీ వండి పెడితే, "ఉప్పు సరే. మసాలా మార్చాల. మార్చి మళ్ళీ సూపించు" అనేది. సుగ్రా మార్చేది కాదు, మళ్ళీ చూపించేది కూడా కాదు. కోడ్ రాసేవాళ్ళకు అంత చొరవ ఉండదు.

తాను పుట్టిందీ లేనిదీ పుంగనూరులో ఒక అమ్మాయి తేలుస్తుందని విని, మునిరత్నమ్మ మరునాడే బస్సెక్కి నెట్ సెంటరుకు వచ్చింది. లాల్ అహ్మద్ కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

"నువ్వేనామ్మా నన్ను పుట్టించేది?" అంది మునిరత్నమ్మ.

షబ్నం ఆమెను మొదట ఈగ ఉన్న కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, రూప రాసిచ్చిన వివరాలు కొట్టింది. అరవై ఐదేళ్ళని వచ్చింది. పక్కనున్న నక్క కంప్యూటరుకు మార్చింది. మళ్ళీ మైనస్ వచ్చింది. రెండుసార్లు అటూ ఇటూ కూర్చున్నాక మునిరత్నమ్మకు సారాంశం బోధపడింది.

"అంటే ఈ కుర్చీలో కూసుంటే నేనుండాను, ఆ కుర్చీలో కూసుంటే లేను."

"అంతేనవ్వా."

"టీ మాత్రం రెండు కుర్చీల్లోనూ ఒకే రుచిగా ఉండాదే?"

ఆ మాట షబ్నంకు గుచ్చుకుంది. "ఒక మాట మారిస్తే సాలవ్వా. ఈ వారంలోనే అయిపోతాది" అని మాట ఇచ్చింది. మాట ఇచ్చేటప్పుడు ఆమెకు ప్రోగ్రాముల గురించి బాగా తెలుసు. సంఘాల గురించి అంతగా తెలియదు.

ఆ మార్పు నిజంగా ఒక్క మాటే. హరీష్ వాడిన ఆజ్ఞ పేరు గెట్ ఇయర్, అంటే సంవత్సరం చెప్పు అని. దాని బదులు గెట్ ఫుల్ ఇయర్ అని రాస్తే, పూర్తి సంవత్సరం చెప్పమన్నట్టు. అప్పుడు ఈగా నక్కా రెండూ ఒకే జవాబు చెబుతాయి. షబ్నం ఈ సంగతి సంఘానికి తెలియజేసింది. అదే సమయానికి హరీష్ కూడా తన మార్పు ఒకటి తయారుచేశాడు. నక్క లెక్కలో పంతొమ్మిది వందలు తగ్గుతున్నాయి గనుక, దానికి పంతొమ్మిది వందలు కలిపేద్దామని. రెండు మార్పులనూ కూలంకషంగా పరిశీలించడానికి సమీక్షా సమావేశం ఏర్పాటైంది. కూలంకషంగా పరిశీలించవలసిన విషయాలు మన ప్రాంతంలో హార్స్లీ హిల్స్ మీదే పరిశీలిస్తారు. కింద ఎండగా ఉంటుంది.

కొండమీదికి నాలుగు కార్లు వెళ్ళాయి. చల్లగాలి, యూకలిప్టస్ వాసన, భోజనంలో నాటుకోడి పులుసు. సమావేశం మొదలు కాగానే కరెంటు పోయింది. కంప్యూటరు లేకుండా బ్రౌజర్లను పరిశీలించడం ఎలా అన్న చిన్న ఇబ్బంది ఎదురైంది గాని, కోడ్‌ను హరీష్ ముందుగానే కాగితం మీద అచ్చు తీసి తెచ్చాడు. అధ్యక్షుడు దాన్ని చేతిలో ఉంచుకుని ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా! చూపు లేని సమాజం అంధ సమాజం. ఈగైనా, నక్కైనా భగవంతుడి సృష్టిలో అన్నీ సమానమే. మన వెబ్‌సైటు ఏ ఒక్క బ్రౌజరు పట్ల పక్షపాతం చూపదని ఈ కొండ సాక్షిగా మాట ఇస్తున్నాను. ఈ జావాస్క్రిప్ట్ చదువుతూ ఉంటే, మన పూర్వీకులు ఎంత గొప్పవారో అర్థమవుతుంది."

పూర్వీకులకూ దీనికీ సంబంధం ఏమిటో ఎవరూ అడగలేదు. పూర్వీకుల ప్రస్తావన వచ్చినప్పుడు చప్పట్లు కొట్టడం ఆచారం.

తరువాత కాగితం చేతులు మారింది. సభ్యులు దాన్ని శ్రద్ధగా సమీక్షించారు. దేవరాజులు అద్దాలు పెట్టుకుని, "ప్రతి వాక్యం కొసాన చుక్కా పెట్టినావు, దాని కింద కామా పెట్టినావు. యాల రెండూ? యాదో ఒగటి పెట్టప్పా" అని హరీష్‌ను మందలించాడు. హరీష్ నమ్రతగా రాసుకున్నాడు. కృష్ణప్ప కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, ఇతరులకంటే ఎక్కువసేపు చూశాడు.

షబ్నం లేచి తన మార్పు గురించి చెప్పింది. దేవరాజులు ఒక్క మాట దగ్గర ఆపాడు.

"ఏమన్నావమ్మా? ఫుల్లా?"

"అవును సార్. గెట్ ఫుల్ ఇయర్."

"సేవాసంస్థ వెబ్‌సైట్లో ఫుల్ అనే మాటేందమ్మా? సూసినోళ్ళు ఏమనుకుంటారు? మనం ముసలోళ్ళకు కండ్లు బాగుచేస్తాండామా, సీసాలు పోస్తాండామా?"

అది లోపల ఉండే మాట, బయటికి ఎవరికీ కనబడదని షబ్నం చెప్పింది. లోపల ఉన్నదే ఎప్పటికైనా బయటపడుతుందని దేవరాజులు అనుభవపూర్వకంగా చెప్పాడు. ఆయన కళ్ళలోకి ఎవరూ చూడలేదు.

హరీష్ మార్పు మాత్రం అందరికీ నచ్చింది. అందులో కలపడం ఉంది. ఒక్కొక్క వృద్ధుడికి సంఘం తరఫున పంతొమ్మిది వందల ఏళ్ళు ఉచితంగా కలుపుతున్నారంటే అది చిన్న దానం కాదు.

"కుప్పంలో బాగుపడతాది సార్, నిజమే" అంది షబ్నం. "కానీ ఈగలో ఇప్పటికే సరిగ్గా ఉండాది. దానికీ పంతొమ్మిది నూర్లు కలిస్తే మదనపల్లెలో అందరికీ రెండువేల ఏండ్లొస్తాయి."

"వస్తే రానీమ్మా" అన్నాడు లక్ష్మీపతి. "మనకు కావాల్సింది అరవై నిండాల. రెండువేలంటే అరవై నిండినట్టే గదా? నిండలేదని ఎవురన్నా అంటారా?"

"ఇరవై ఏండ్లోడికి కూడా నిండిపోతాది సార్."

ఈ మాట అంటుండగా పులుసు వచ్చింది. భోజనం తరువాత మార్పును ఏకగ్రీవంగా ఆమోదించారు. దేవరాజులు "మా ఊర్లో బాగుంటుంది" అని రాశాడు. లక్ష్మీపతి "మా ఊర్లో ఇంకా బాగుంటుంది" అని రాశాడు. కృష్ణప్ప మాట పాఠకులకు తెలిసినదే. షబ్నం "నేను ఒప్పుకోను" అని రాసి ఇచ్చింది. ఆమె అసమ్మతిని సంఘం హృదయపూర్వకంగా స్వాగతించి, ఆమె ధైర్యాన్ని అభినందించి, సమీక్షలో సమీక్షకురాలి ఒప్పుదల తప్పనిసరి కాదని ఒక సవరణ చేసింది. దిగేటప్పుడు కారులో ఆమెకు ముందు సీటు ఇచ్చారు.

సోమవారం ఉదయం చీటీలు మొదలయ్యాయి. కుప్పంలో కరెంటు లేదు. మదనపల్లెలో ఉంది. మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురు నిజమైన ముసలివాళ్ళే. తరువాత, తాతను వెంటబెట్టుకుని వచ్చిన కుర్రవాడొకడు సరదాకు తన వివరాలు కొట్టి చూశాడు. వయసు పంతొమ్మిది వందల ఇరవై ఏళ్ళని, అర్హుడని వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళకు బెంగళూరు నుంచి తెప్పించిన నల్ల కళ్ళద్దాలు ఉచితంగా ఇస్తారన్న వార్త అప్పటికే ఊరంతా తెలుసు. మధ్యాహ్నానికి శిక్షణ కేంద్రం ముందు మోటారు సైకిళ్ళు నిలపడానికి చోటు లేదు. చీటీలు తీసుకున్నవాళ్ళలో లక్ష్మీపతి కొడుకు భరత్ కూడా ఉన్నాడు. కాలేజీలో చదువుతున్నాడు. చీటీ ప్రకారం వయసు పంతొమ్మిది వందల ఇరవై ఒకటి. ఇదేమిటని హరీష్‌ను ఎవరో అడిగితే, "సమీక్ష అయిపోయిందన్నా" అన్నాడు.

సాయంత్రం కుప్పంలో కరెంటు వచ్చింది. మునిరత్నమ్మ పుట్టింది. తెర మీద అరవై ఐదు అని చూసి రూప ఆనందంతో కేక వేసింది. కాని దాని కిందే, నూరు చీటీలూ అయిపోయాయని ఉంది.

"పుట్టినాను గానీ సోటు లేదంటావు" అంది మునిరత్నమ్మ.

రూప ఆమె చెయ్యి పట్టుకుంది. రెండో చేతి వేళ్ళు బల్ల అంచును వెతుక్కున్నాయి. మునిరత్నమ్మ ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. ఆమెను ఎరిగినవాళ్ళకు అది మంచి లక్షణంగా కనబడలేదు.

శిబిరం రోజున షబ్నం తెల్లవారుజామునే కుప్పం వెళ్ళి, చీటీ లేకపోయినా సరే అని మునిరత్నమ్మను వెంటబెట్టుకుని మదనపల్లె చేరింది. శిబిరాన్ని ఒక కల్యాణ మండపంలో ఏర్పాటుచేశారు. లోపల ఫ్యాన్ల కింద కుర్చీల్లో జీన్సు ప్యాంట్ల వృద్ధులు. బయట ఎండలో, కొడుకుల చేతులు పట్టుకుని చీటీలు లేని ముసలివాళ్ళు. డాక్టరమ్మ వచ్చి మొదటి కుర్చీ దగ్గర ఆగింది. అందులో భరత్ ఉన్నాడు.

"నీ వయసెంతప్పా?"

"పంతొమ్మిది నూర్ల ఇరవై ఒకటి మేడమ్."

"పుట్టిన సంవత్సరమా?"

"కాదు మేడమ్, వయసే. చీటీలో ఉండాది."

డాక్టరమ్మ అతని కళ్ళలోకి టార్చి వేసి చూసింది. రెండు వేల ఏళ్ళ దగ్గర దగ్గరగా వాడినప్పటికీ కళ్ళు చాలా బాగున్నాయి. "ఆపరేషన్ వద్దు మేడమ్, అద్దాలిస్తే సాలు" అన్నాడు భరత్ వినయంగా.

అంతలో తలుపు దగ్గర గొంతు వినబడింది. మునిరత్నమ్మ లోపలికి వచ్చేసింది. తెల్లచొక్కాతో నిలబడిన ఆకారాన్ని చూసి చీటీ కాజేసిన కుర్రవాడనుకుని పట్టుకుంది.

"ఒరే అబ్బోడా! మీసాలు సక్కంగా రాలేదు, నీకు కండ్లద్దాలు కావల్సొచ్చినాయా? మీ నాయన నీకు బుద్ధి సెప్పలేదా? ఆయన బుద్ధి ఆయనకే సాలకుండా ఉండాదా?"

ఆ తెల్లచొక్కా లక్ష్మీపతిది. స్వాగతోపన్యాసం కాగితం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తన పెద్దరికంలో ఎవరూ ఆయనను ఒరే అనలేదు, అంత నిజమూ చెప్పలేదు. భరత్ లేచి పరుగున వచ్చాడు.

"అవ్వా, అది నేను గాదు, మా నాయన."

"మరి నువ్వు యాడుండావు?"

"ఈడుండా." అతని ముఖం ఎర్రబడింది. చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు పో అవ్వా. కుర్చీలో కూసో."

ఒకడు లేస్తే మిగతావాళ్ళు కూర్చోవడం కష్టమైంది. ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్ళి, ఎండలో ఉన్నవాళ్ళకు చీటీలు ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు మాత్రం వెనుక తలుపు గుండా అద్దాల పెట్టె వైపు వెళ్ళారని వినికిడి. డాక్టరమ్మ చీటీల జోలికి పోకుండా, టార్చి తీసుకుని కళ్ళు చూసుకుంటూ వెళ్ళింది. మునిరత్నమ్మ కన్ను చూసి, "ఇన్నాళ్ళు ఎట్ల తిరిగినావమ్మా?" అంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది.

చీటీ మీద పేరు మార్చడానికి సమీక్ష అవసరం గనుక, రికార్డులో పేర్లు మారలేదు. సంఘం ఆ నెల విడుదల చేసిన నివేదికలో, మదనపల్లెకు చెందిన పంతొమ్మిది వందల ఇరవై ఒక్క ఏళ్ళ వృద్ధుడు భరత్‌కు చూపు ప్రసాదించామని సగర్వంగా ప్రకటించారు. ఒక పత్రిక దాన్ని యథాతథంగా అచ్చువేసింది. ఆక్షేపణ తెలుపుతూ ఒకే ఒక ఉత్తరం వచ్చింది. నివేదికలో తన పేరు ముందు 'శ్రీ' లేదని కృష్ణప్ప రాశాడు.

వానాకాలంలో సంఘం మళ్ళీ సమావేశమై, పంతొమ్మిది వందలు కలపడం తీసేసి, షబ్నం సూచించిన ఫుల్ అనే మార్పును చర్చ లేకుండా ఆమోదించింది. శిబిరం అయిపోయింది కనుక, ఇక దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఉపయోగం లేని మార్పును ఆమోదించడంలో మన సంఘాలకు ఎన్నడూ అభ్యంతరం ఉండదు. ఈసారి షబ్నం ఒప్పుదల కూడా తీసుకున్నారు. ఆమె రెండు కంప్యూటర్ల మీదా పరీక్షించి, ప్రతి అక్షరం చూసి, తన వృత్తి జీవితంలో మొదటిసారి ఒక్క తప్పూ పట్టకుండా "బాగుంది" అని రాసింది.

కొన్నాళ్ళకు మునిరత్నమ్మ పుంగనూరు వచ్చింది. కండక్టరు చెయ్యి పట్టుకోలేదు, బోర్డులు చూసుకుంటూ వచ్చి, నెట్ సెంటరు గడప దగ్గర ఆగి షబ్నంను పైనుంచి కిందికి చూసింది. "గొంతు వింటే లావుంటావనుకున్యా. ఇంత సన్నంగా ఉండావేమ్మీ, మీయమ్మ అన్నం పెట్టదా?" అంది. లోపలినుంచి సుగ్రా, "మార్చి మళ్ళీ సూపించమంటాది వదినా, ఇంగేం తింటాది?" అని జవాబిచ్చింది.

షబ్నం ఆమెను రెండు కంప్యూటర్ల మధ్య కూర్చోబెట్టింది. షబ్నం సంతోషం చూడవలసిందే. "సూడవ్వా, ఈగలో అరవై ఐదు. నక్కలోనూ అరవై ఐదు. ఇంగ యా కుర్చీలో కూసున్యా నువ్వుండావు."

మునిరత్నమ్మ రెండు తెరలనూ పరీక్షగా చూసింది. "ఎవురికమ్మా అరవై ఐదు?"

"నీకే."

"నాకని ఎవురు సెప్పినారు?"

"నువ్వే గదవ్వా పుట్టిన తేదీ సెప్పింది?"

"నేను యాడ సెప్పినా? ఆ రూప అడిగింది, యా సంవత్సరంలో పుట్టినావవ్వా అని. నాకేం తెలుసు? కరువొచ్చి మా నాయన ఎద్దులమ్మినప్పుడు నేను పాలు తాగతా ఉండానంట. అదే సెప్పినా. అది రాసేదానికి దీంట్లో సోటు లేదనింది. అయితే నీకు యాది వీలైతే అది కొట్టుకో తల్లీ అన్న్యా."

షబ్నం కుప్పంలో నమోదైన పేర్లన్నీ తెరిచి చూసింది. కుప్పం ముసలివాళ్ళందరూ పంతొమ్మిది వందల నలభై, జూలై ఒకటో తేదీన పుట్టారు. పుంగనూరువాళ్ళవి చూసింది. వాళ్ళూ అంతే. మదనపల్లెవాళ్ళు కొంచెం ఆలోచన గలవారు కనుక, సగం మంది జూన్‌లో పుట్టారు.

ఆమె పేర్లన్నీ మళ్ళీ మొదటినుంచి తిప్పడం చూసి లాల్ అహ్మద్ నవ్వాడు. "దీనికే అట్లైపోతే ఎట్ల బేటీ? నిన్ను బడిలో ఏసేనాడు వయసు సాలదన్న్యారు. హెడ్మాస్టరు సారే ఏడాది కలిపి, జూన్‌లో యాదో తేదీ ఏసినాడు. నువ్వు పుట్టినప్పుడు పెద్ద వాన. అది మాత్రం బాగా యాదుండాది."

ఆ సాయంత్రం షబ్నం ఈ విషయమై సంఘానికి ఒక సమీక్ష రాయడానికి కూర్చుంది. నియమావళి ప్రకారం, తప్పు ఏ బ్రౌజరులో కనబడుతున్నదో మొదటి వాక్యంలో రాయాలి. ఈగలో కనబడటం లేదు. నక్కలోనూ కనబడటం లేదు. కంప్యూటరు ఆపేసి, అమ్మ పెట్టిన అన్నం ఏ వ్యాఖ్యా చేయకుండా తిన్నది.

ఇంతవరకూ చదివి కుప్పం ముసలివాళ్ళను చూసి నవ్వుకున్న పాఠకులు ఒక్క నిమిషం లేచి, బీరువాలో చీరల కింద దాచిన తమ పదో తరగతి సర్టిఫికెట్టు తీసి చూడవచ్చు. అందులో పుట్టిన తేదీ ఒకటి ఉంటుంది. దాని మీదే ఉద్యోగంలో చేరారు, దాని మీదే రిటైరు అవుతారు, కొందరు ఆ రోజున కేకు కూడా కోస్తున్నారు. ఆ తేదీ గురించి మీ అమ్మను మాత్రం అడగకండి. ఏ బ్రౌజరులో చూసినా సరిగ్గానే ఉంది.